జూమ్ ఉన్న పాత ఫిల్మ్ కెమెరా కొని, వాడి చూశాను – నా అనుభవం

జనవరిలో వెతకడం మొదలుపెడితే, సరిగ్గా పనిచేసే కెమెరా చేతికి వచ్చేసరికి మార్చి సగం గడిచింది. మొదటి రోల్ ఫొటోలు కళ్లారా చూసేసరికి ఏప్రిల్ చివరికి వచ్చింది. ఈ మధ్యలో ఏం జరిగింది, డబ్బు ఎక్కడ ఖర్చయింది, ఎక్కడ ఎంతకాలం ఆగాల్సి వచ్చింది అన్నది వరసగా రాస్తున్నాను. ఇలాంటి కెమెరా కొందామని చూస్తున్నవాళ్లకు ముందే తెలిస్తే కొంత టెన్షన్ తగ్గుతుంది.

నాకు కావలసింది 35 ఎంఎం ఫిల్మ్ వేసుకునే, చిన్న సంచిలో ఇమిడిపోయే, జూమ్ ఉన్న ఆటోమేటిక్ కెమెరా. మనుషుల ముఖాలు కొంచెం దూరం నుంచి, వాళ్లు బిగుసుకుపోకుండా ఉన్నప్పుడు తీయడం నాకు ఇష్టం. జూమ్ కావాలనుకున్నది అందుకే. రెండో కారణం ధర. ఒలింపస్ మ్యూ 2, కాంటాక్స్ టీ2 లాంటి జూమ్ లేని చిన్న కెమెరాల కోసం ఇప్పుడు అందరూ ఎగబడుతున్నారు. మ్యూ 2కి పెట్టే డబ్బులో కొంత భాగంతోనే అదే కంపెనీ జూమ్ కెమెరా దొరుకుతుంది. కాంటాక్స్ టీవీఎస్, లైకా మినీలక్స్ జూమ్ లాంటి ఖరీదైన రకాలు వేరే సంగతి. 1986లో పెంటాక్స్ జూమ్ 70తో మొదలైన ఈ తరహా కెమెరాలను ఆ తర్వాత దాదాపు ప్రతి కంపెనీ తయారు చేసింది. 90ల్లో ఇళ్లలో పండగలకూ పెళ్లిళ్లకూ వాడినవి చాలావరకు ఇవే. అందుకే ఇప్పటికీ సొరుగుల్లోంచి బయటికి వస్తూనే ఉన్నాయి.

వెతికేటప్పుడు నన్ను మొదట తికమక పెట్టినవి పేర్లు. ఒకే కెమెరా ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో అమ్ముడైంది. పెంటాక్స్ ఎస్పియో అమెరికాలో ఐక్యూ జూమ్. ఒలింపస్ మ్యూ అక్కడ స్టైలస్. కానన్ ష్యూర్ షాట్ యూరప్‌లో ప్రిమా, జపాన్‌లో ఆటోబాయ్. ఒక పేరుతో వెతికితే దొరకనిది ఇంకో పేరుతో వెతికితే తక్కువ ధరకే కనిపించిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి అన్ని పేర్లతోనూ వెతకండి.

జనవరి చివర్లో మొదటి కెమెరా కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, అందులో దాని తప్పేమీ లేదు. అమ్మినాయన ‘పనిచేస్తోంది, ఫిల్మ్ వేసి మాత్రం చూడలేదు’ అన్నాడు. ఫొటోల్లో కొత్తదానిలా మెరుస్తోంది. రెండు వారాల పైనే ఎదురుచూశాక పార్సిల్ వచ్చింది. బ్యాటరీ వేసి స్విచ్ నొక్కగానే లెన్స్ బయటికి వచ్చింది, పైనున్న చిన్న తెర వెలిగింది. చాలా సంతోషపడ్డాను. జూమ్ బటన్ నొక్కితే లెన్స్ ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది. ఇంకోసారి నొక్కితే సగంలో ఆగిపోయింది. లోపల మోటారు మూలుగుతోంది, తెర మీద అంకెలు కొట్టుకుంటున్నాయి. బ్యాటరీ తీసి వేస్తే లెన్స్ లోపలికి పోయింది గానీ, మళ్లీ జూమ్ చేయగానే అదే కథ.

కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన విప్పలేదు, చేతిలో తిప్పి చూసి చెప్పేశారు: ‘లోపల ఫ్లెక్స్ పోయింది బాబూ.’ లెన్స్ గొట్టంలోని షట్టర్‌కూ (ఫొటో తీసేటప్పుడు తెరుచుకుని వెలుతురును వదిలి, మళ్లీ మూసుకునే రెక్కలు) బయట ఉన్న బోర్డుకూ మధ్య పలచటి రిబ్బన్ లాంటి వైరింగ్ ఉంటుంది. జూమ్ చేసిన ప్రతిసారీ అది మడత పడుతూ, విచ్చుకుంటూ ఉంటుంది. పాతికేళ్లు అలా మడత పడ్డాక ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. కొత్త విడిభాగం దొరకదు. ఇంకో పాడైన కెమెరాలోంచి తీసి వేయాలి, ఆ పనికయ్యే కూలితో ఇంకో కెమెరా వస్తుంది. మీరే విప్పి చూడకండని కూడా గట్టిగా చెప్పారు. ఫ్లాష్ కోసం లోపల ఉండే కెపాసిటర్‌లో మూడు వందల వోల్టుల దాకా ఉంటుంది. బ్యాటరీ తీసేసినా అది వెంటనే ఖాళీ కాదు. యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

అమ్మినాయన మొదట ‘నా దగ్గర బాగానే ఉంది’ అన్నాడు. వీడియో తీసి పంపాక వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. డబ్బు తిరిగి రావడానికి దాదాపు నెల పట్టింది, పంపిన ఖర్చు మాత్రం నా మీదే పడింది. ఆ నెలంతా ఇదంతా ఎందుకు పెట్టుకున్నానా అనిపించేది. మళ్లీ పాత ఫొటోలు చూస్తే మనసు మారేది.

రెండో కెమెరాకి ఫొటోలు చూసి డబ్బు కట్టకూడదని నిర్ణయించుకున్నాను. ప్రతి అమ్మకందారునీ ఒకటే అడిగాను: మధ్యలో ఆపకుండా తీసిన ఒక వీడియో. అందులో కెమెరా ఆన్ చేయాలి. జూమ్ చివరిదాకా వెళ్లి వెనక్కి రావాలి, అలా ఒకసారి కాదు, వరసగా చాలాసార్లు. తర్వాత వెనక తలుపు తెరిచి, ఫ్లాష్ ఆపి, కొంచెం మసక వెలుతురులో బటన్ నొక్కాలి. అలా చేస్తే షట్టర్ కాసేపు తెరుచుకుని ఉంటుంది కాబట్టి రెక్కలు విచ్చుకోవడం వెనకనుంచి కంటికి కనిపిస్తుంది. ఎండలో నొక్కితే రెప్పపాటులో మూసుకుంటుంది, ఏమీ తెలియదు. వీటితో పాటు బ్యాటరీ గది లోపలి ఫొటో, టార్చ్ లైటు వేసి తీసిన లెన్స్ ఫొటో, వెనక తలుపు కొక్కెం దగ్గర ఫొటో. బ్యాటరీ గదిలో పచ్చటి చిలుము ఉంటే వద్దు. లెన్స్ లోపల సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, వద్దు. తలుపు కొక్కెం విరిగితే టేపుతో నెట్టుకురావాలి తప్ప వేరే దారి లేదు. బయటి గీతలు, కొద్దిపాటి దుమ్ము మాత్రం పట్టించుకోనక్కర్లేదు.

చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒకరిద్దరు విసుక్కున్నారు. చివరికి ఒకావిడ ఓపిగ్గా నేను అడిగినవన్నీ తీసి పంపారు. అది వాళ్ల నాన్నగారు వాడిన కెమెరా అట. ఒలింపస్ మ్యూ జూమ్ 140, 38 నుంచి 140 ఎంఎం దాకా జూమ్ (అంకె పెరిగేకొద్దీ దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది), ముందు జరిపే కవర్. వీడియో చూసిన రోజే డబ్బు కట్టేశాను. మార్చి మధ్యలో వచ్చింది. మెడలో వేసుకునే తాడు నుంచి చిన్న తోలు సంచి దాకా ఆవిడ అన్నీ సర్ది పంపారు.

ఇక బ్యాటరీ సంగతి. ఇలాంటి కెమెరాలకు ఎక్కువగా సీఆర్123ఏ అనే 3 వోల్టుల లిథియం బ్యాటరీ వేస్తారు, ఇంకా చిన్నవాటికి సీఆర్2. ఖరీదు ఎక్కువే. అదే సైజులో రీచార్జ్ చేసుకునేవి కూడా దొరుకుతాయి గానీ, వాటిలో కొన్ని నిండా చార్జ్ అయినప్పుడు 4 వోల్టులు దాటుతాయి. పాత సర్క్యూట్ మీద ఆ ప్రయోగం నేను చేయదలచుకోలేదు. తేదీ ముద్రించే రకం కొంటే ఇంకో సంగతి ఉంది. కొన్నిటిలో క్యాలెండర్ ఇప్పటి సంవత్సరం దాకా రాదు. తేదీ ముద్రణ ఆపేసుకుని వాడుకోవచ్చు, ఫొటోలకు ఏ ఇబ్బందీ లేదు.

ఫిల్మ్ వేయడం నేను భయపడినంత కష్టం కాదు. ఫిల్మ్ కొసను గుర్తు దాకా లాగి, తలుపు మూస్తే మోటారే చుట్టుకుని అంకె 1 దగ్గర ఆగుతుంది. ఆగకపోతే ఫిల్మ్ పట్టుకోలేదని అర్థం. ఇక్కడ చూసుకోవాల్సింది డీఎక్స్ కోడ్. 1983లో కొడాక్ తెచ్చిన పద్ధతి ఇది. ఫిల్మ్ డబ్బా మీద వెండి, నలుపు గళ్లు ఉంటాయి, కెమెరా లోపలి చిన్న పిన్నులు వాటిని తాకి ఫిల్మ్ స్పీడ్ తెలుసుకుంటాయి. ఫిల్మ్ స్పీడ్ లేదా ఐఎస్ఓ అంటే 100, 200, 400 లాంటి అంకె; అది ఎంత పెద్దదైతే ఫిల్మ్‌కి అంత తక్కువ వెలుతురు చాలు. ఇలాంటి కెమెరాల్లో మనం చేత్తో పెట్టే ఐఎస్ఓ మీట ఉండదు. కోడ్ లేని డబ్బా, అంటే ఎవరో పెద్ద చుట్టలోంచి కత్తిరించి నింపి అమ్మే చౌక ఫిల్మ్ వేస్తే, చాలా కెమెరాలు దాన్ని 100 అనుకుంటాయి. చౌక అని కొనేముందు డబ్బా మీద గళ్లు ఉన్నాయా చూడండి.

మొదటి రోల్‌గా 200 ఐఎస్ఓ రంగుల ఫిల్మ్ వేశాను. దాన్ని పూర్తి చేయడానికి రెండు వారాలు పట్టింది. ఒక్కో ఫొటోకి ఇంత అని డబ్బు లెక్క తెలుస్తున్నప్పుడు వేలు దానంతట అదే ఆగుతుంది. అది నాకు నచ్చింది. వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో, కనిపించేదానికన్నా ఫిల్మ్ మీద చుట్టూ కొంచెం ఎక్కువే పడుతుంది, కాబట్టి అంచులకు బిగించి తీసినా తలలు తెగవు. మరీ దగ్గరగా తీసేటప్పుడు మాత్రం లోపల గీసి ఉన్న గుర్తుల మధ్యే ముఖం పెట్టాలి. ఎందుకంటే మనం చూసే కిటికీ వేరు, ఫొటో తీసే లెన్స్ వేరు. బటన్ సగం నొక్కితే పచ్చ దీపం వెలుగుతుంది. అది నిలకడగా వెలిగితేనే ఫోకస్ కుదిరినట్టు.

బస్సు కిటికీ అద్దం లోంచి తీయాలంటే ఇంకో చిక్కు. ఇన్‌ఫ్రారెడ్ కిరణంతో దూరం కొలిచే కెమెరాలకు ఆ కిరణం అద్దానికే తగిలి వెనక్కి వస్తుంది, ఫోకస్ అద్దం దగ్గరే ఆగిపోతుంది. కొండ బొమ్మ ఉన్న మోడ్ పెట్టుకుంటే దూరపు ఫోకస్ మీద తీస్తుంది. ఇక ఫ్లాష్. ఆ కాలపు ఇలాంటి చిన్న కెమెరాల్లో చాలావాటికి ఆఫ్ చేసి ఆన్ చేయగానే ఫ్లాష్ మళ్లీ ఆటోకి వచ్చేస్తుంది. కవర్ తెరవడం, ఫ్లాష్ ఆపడం, ఆ తర్వాతే కన్ను పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు చేతికి ఆ క్రమం వచ్చేసింది.

ఆఖరి ఫొటో తీయగానే మోటారు తనంతట తానే ఫిల్మ్‌ని వెనక్కి చుట్టడం మొదలుపెడుతుంది. నేను ఆ శబ్దానికి ఉలిక్కిపడ్డాను. శబ్దం పూర్తిగా ఆగేదాకా తలుపు మీద చెయ్యి వేయకండి.

తర్వాత అసలైన ఎదురుచూపు. ల్యాబ్‌లో వారం అన్నారు, మూడు వారాలకు దగ్గరైంది. రంగుల నెగటివ్ కడిగే సీ-41 పద్ధతిలో డెవలపర్‌లో ఫిల్మ్ ఉండేది 3 నిమిషాల 15 సెకన్లు, 37.8 డిగ్రీల వేడిలో. ఆలస్యమంతా దానికి ముందే. రసాయనాలు పాడవకుండా ఉండాలంటే చాలినన్ని రోల్స్ పోగవ్వాలి, అప్పుడే మెషిన్ నడుపుతారు. అది ముందే అడిగి తెలుసుకుంటే రోజూ ఫోన్ చూసుకునే బాధ ఉండదు. నేను రోజూ చూసుకున్నాను. అసలు ఏమైనా పడిందా, ఖాళీగా వస్తుందా అన్న గుబులు నిద్రపోయే ముందు కూడా వదలలేదు.

ఏప్రిల్ చివర్లో ఒక రాత్రి స్కాన్లు వచ్చాయి. పడ్డాయి! మొదటి ఫొటో తెరవగానే గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. ఎండలో తీసినవి, ముఖ్యంగా జూమ్ వాడకుండా 38 దగ్గర తీసినవి, ఎంత స్పష్టంగా ఉన్నాయంటే మనిషి చొక్కా నేత కనిపిస్తోంది. కానీ నేను ఎక్కువ ఆశ పెట్టుకున్న ఫొటోలు, సాయంత్రం నీడలో పూర్తి జూమ్‌తో తీసిన ముఖాలు, దాదాపు అన్నీ కదిలిపోయాయి. ఫ్లాష్ వెలిగినవి చీకటిగా వచ్చాయి. కొన్నిటి అంచున నారింజ రంగు చార ఒకటి అదే చోట మళ్లీ మళ్లీ కనిపించింది.

కదిలిపోవడానికి కారణం కెమెరా చెడిపోవడం కాదు, లెక్క. లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం సైజును ఎఫ్ అంకెతో చెబుతారు, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఈ లెన్స్ 38 దగ్గర ఎఫ్4, 140 దగ్గర ఎఫ్11. 4, 5.6, 8, 11: మూడు మెట్లు. ఒక్కో మెట్టుకీ వెలుతురు సగం అవుతుంది, అంటే పూర్తి జూమ్‌లో ఫిల్మ్‌కి చేరేది ఎనిమిదో వంతు. నిండు ఎండలో ఎఫ్16 దగ్గర షట్టర్ వేగం ఫిల్మ్ స్పీడ్ అంత ఉంటే, అంటే 200 ఫిల్మ్‌కి సెకనులో 200వ వంతు ఉంటే, సరిపోతుందన్నది ఫొటోగ్రాఫర్ల పాత లెక్క. ఆరుబయట నీడలో వెలుతురు అంతకు నాలుగు మెట్లు తక్కువ. 200 ఫిల్మ్‌తో, ఎఫ్11 దగ్గర, ఆ నీడలో షట్టర్ సెకనులో పాతికో వంతుకు పడిపోతుంది. 140 జూమ్‌ని చేత్తో కదలకుండా పట్టుకోవాలంటే సెకనులో 140వ వంతైనా ఉండాలి. ఇక ఎంత ఊపిరి బిగబట్టినా ప్రయోజనం ఏముంది? ఫ్లాష్‌దీ ఇదే లెక్క. జూమ్ లేనప్పుడు ఆరు మీటర్లు అందే వెలుగు, ఎఫ్11 దగ్గరికి వచ్చేసరికి రెండు మీటర్ల చిల్లరే అందుతుంది.

ఇది తెలిశాక నాకు కోపం కాదు, ఒక విధమైన ఊరట కలిగింది. ఈ కెమెరాలను ‘జూమ్ ఉన్నవి, బాగుండవు’ అని కొట్టిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. వాటికి కావలసినంత వెలుతురు, వేగమైన ఫిల్మ్ ఇవ్వకుండా తీర్పు చెప్పడం అన్యాయం. కొడాక్ ఒకప్పుడు 800 ఫిల్మ్‌ని మ్యాక్స్ జూమ్ అనే పేరుతో అమ్మింది. ఈ కెమెరాలు కొత్తగా ఉన్న రోజుల్లో తయారీదారులకే ఈ సంగతి బాగా తెలుసన్నమాట.

నారింజ చార వేరే సమస్య. వెనక తలుపు కీలు దగ్గర, ఫిల్మ్ పేరు కనిపించే చిన్న కిటికీ చుట్టూ వెలుతురు చొరబడకుండా నల్లటి ఫోమ్ అంటిస్తారు. పాతికేళ్లకు అది తారులా జిగటగా కరిగిపోతుంది. పాత ఫోమ్‌ని చెక్క పుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, పలచటి కొత్త ఫోమ్ కత్తిరించి అంటించాను. మధ్యాహ్నమంతా పట్టింది. వేళ్లకు నల్లటి మరక మర్నాటి దాకా పోలేదు. ముక్కలు ఫిల్మ్ నడిచే దారిలో పడకుండా కెమెరాను తలకిందులుగా పట్టుకుని గీకండి. ఖర్చు మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తక్కువ.

మే నెలలో 400 ఫిల్మ్ వేశాను. ఈసారి పూర్తి జూమ్‌ని నిండు ఎండకే వాడాను. నీడలోకి వచ్చినప్పుడు 70 దాటకుండా, గోడకో స్తంభానికో మోచెయ్యి ఆనించి తీశాను. ఇంటి లోపల జూమ్ ముట్టుకోలేదు. మళ్లీ రెండు వారాల పైనే ఆగాక స్కాన్లు వచ్చాయి. చార పూర్తిగా పోయింది. ముఖాలు నిలిచాయి. ఎండలో 140తో తీసిన ఒక ముసలాయన నవ్వు ఉంది. ఆయన నన్ను చూడనే లేదు. ఈ కెమెరా కావాలనుకున్నదే అలాంటి ఫొటో కోసం. దానికోసం మళ్లీ జనవరి నుంచి మొదలుపెట్టమన్నా మొదలుపెడతాను.

డబ్బు గురించి సూటిగా చెప్పాలంటే, కెమెరా ధర అసలు ఖర్చు కాదు. ఫిల్మ్, కడిగించడం, స్కాన్ మూడూ కలిపితే కొద్ది రోల్స్‌లోనే కెమెరా ధరను దాటేస్తాయి. స్కాన్ ఎంత పెద్ద సైజులో ఇస్తారో ముందే అడగండి, చిన్న సైజు ఇచ్చి పెద్దదానికి వేరే డబ్బు అడగడం మామూలే. నెగటివ్‌లు తప్పకుండా వెనక్కి తీసుకోండి. అడగకపోతే కొన్నాళ్లు ఉంచి పారేసే చోట్లు ఉన్నాయి. నెగటివ్ ఉంటే ఎప్పుడైనా మళ్లీ స్కాన్ చేయించుకోవచ్చు. విమానంలో వెళ్లేవాళ్లు కడిగించని ఫిల్మ్‌ని చేతి సంచిలోనే ఉంచుకుని, చేత్తో తనిఖీ చేయమని అడగండి. కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు ఫిల్మ్‌ని పాడుచేస్తాయి.

ఈ కెమెరా ఏ ఫొటో ఏ జూమ్ దగ్గర తీశామో ఎక్కడా రాసిపెట్టదు. అందుకే ఇప్పుడు ఒక చిన్న నోట్‌బుక్ వెంట ఉంచుకుంటున్నాను: ఫ్రేమ్ నంబరు, జూమ్ ఎంత, ఎండా నీడా, ఫ్లాష్ ఉందా లేదా. ప్రస్తుతం ల్యాబ్‌లో ఉన్న రోల్‌లో ఒకే మనిషిని ఒకే వెలుతురులో 38, 70, 105, 140 దగ్గర వరసగా తీశాను, నీడలో చేత్తో ఎక్కడిదాకా నమ్మవచ్చో తేల్చుకోవడానికి.